‘నేను’ అడ్డు తగిలే క్షణాన్ని పట్టుకోవడం ఎలా?

ఎరుక గురించి, అంటే లోపల జరిగేదాన్ని జరుగుతుండగానే గమనించడం గురించి, ఏది రాసినా తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు రెండే. “రోజూ పొద్దున్నే ధ్యానం చేస్తున్నానండీ. అయినా విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఎవడైనా బండి అడ్డంగా దూరిస్తే నోరు ఆగట్లేదు, ఎందుకంటారు?” అనేది ఒకటి. “అహాన్ని పూర్తిగా చంపుకోవడం ఎలా?” అనేది రెండోది.

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. చంపక్కర్లేదు, చంపలేరు కూడా. బ్యాంకులో సంతకం పెట్టాలన్నా, పాప స్కూలు ఫీజు కట్టాలన్నా, ఏలూరు రోడ్డు దాటేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలన్నా ‘నేను’ ఉండాల్సిందే. మన పెద్దలు లోపలి పనిముట్లని మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం అని నాలుగుగా చెప్పారు. ఈ నాలుగో దాని పని, జరిగిన ప్రతిదాని మీదా ‘ఇది నాది’, ‘ఇది నన్నే అన్నారు’ అని ముద్ర వేయడం. చిక్కల్లా ఆ ముద్ర ఎంత వేగంగా పడుతుందంటే, జరిగింది కనపడదు, ముద్రే కనపడుతుంది. మనం నేర్చుకోవాల్సింది అది పడుతుండగా చూడటం. ఇంతకు మించి సిద్ధాంతం ఈ పనికి అక్కర్లేదు.

మొదటి ప్రశ్నకి జవాబే ఈ వ్యాసమంతా. తెల్లవారుజామున ఫ్యాను కింద కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. అక్కడ ప్రశాంతంగా ఉండటం పెద్ద విషయం కాదు. అభ్యాసం జరగాల్సింది ‘నేను’కి దెబ్బ తగిలే చోట: లిఫ్టు దగ్గర, పార్కింగులో, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో, వంటింట్లో, పెళ్ళిలో భోజనానికి లేవమని ఎవరూ పిలవనప్పుడు.

కావలసినవి

జేబులో పట్టే చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకోవద్దు. రాయడానికని తెరిస్తే ఇంకేదో చూస్తూ కూర్చుంటాం.

పొద్దున పది నిమిషాలు, రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు. నాలుగు వారాలు.

మీకు మొహమాటం లేకుండా నిజం చెప్పే ఒక మనిషి. భార్య, భర్త, అక్క, చిన్నప్పటి స్నేహితుడు, ఎవరైనా సరే. మీరు ఏం చెప్పినా “అవునండీ” అనే మనిషి పనికిరాడు.

అగరొత్తులు, ప్రత్యేకమైన ఆసనం, యాప్, కొత్త బట్టలు ఏవీ అవసరం లేదు.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త

ఈమధ్యే దగ్గరివాళ్ళు పోయిన దుఃఖంలో ఉన్నా, గుండె దడ, ఊపిరాడనట్టు భయం తరచూ వస్తున్నా, నెలల తరబడి దేని మీదా మనసు లేకుండా ఉన్నా, కళ్ళు మూసుకుని లోపలికి చూసే పని ఒంటరిగా చేయకండి. ముందు డాక్టర్‌తో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఫోన్ ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈలోగా కళ్ళు తెరిచే ఉంచి, ఎదురుగా ఉన్న చెట్టునో గోడనో చూస్తూ పాదాలు నేలకి తగులుతున్న సంగతి మాత్రం గమనించుకోండి. అది చాలు.

1. చురుక్కుమన్న చోట్లు రాసుకోండి (మొదటి మూడు రోజులు)

ఈ మూడు రోజులూ మిమ్మల్ని మీరు మార్చుకోవడానికి ఏమీ చేయొద్దు. ఎప్పట్లాగే కోప్పడండి, అలగండి. రాత్రికి మాత్రం ఆ రోజు ఎక్కడెక్కడ చురుక్కుమందో గుర్తు తెచ్చుకుని మూడు వరుసల్లో రాయండి. ఇలా:

ఏం జరిగింది: అపార్ట్‌మెంట్ మీటింగులో నేను లేచి నీళ్ళ ట్యాంకు సంగతి మాట్లాడుతుంటే సెక్రటరీ గారు ఫోన్ చూసుకున్నారు.
ఒంట్లో: చెవులు వేడెక్కాయి. గొంతు పెద్దదైంది. కాగితం పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.
మనసు అన్నది: నా మాటకి ఇక్కడ విలువ లేదు. ఇన్నేళ్ళ నుంచి ఉంటున్నా ఇంతే.

మొదటి వరుస రాయడమే కష్టం. సీసీ కెమెరాలో కనపడేది మాత్రమే అందులో ఉండాలి. ‘సెక్రటరీ గారు నన్ను అవమానించారు’ అని రాస్తే తప్పు. కెమెరాలో అవమానం కనపడదు, ఫోన్ చూస్తున్న మనిషి కనపడతాడు. ‘అత్తయ్య దెప్పింది’ కూడా కనపడదు. “పప్పులో ఉప్పు తగ్గిందమ్మా” అన్న మాట వినపడుతుంది, అంతే. మొదటి వరుసలోంచి మూడో వరుస సరుకు ఏరి బయట పడేయడానికే చాలామందికి ఈ మూడు రోజులూ సరిపోతాయి. తొందరేం లేదు, ఇంకో రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి.

మూడు రోజులయ్యాక కాగితం చూస్తే మీకో సంగతి తెలుస్తుంది. చురుకులు రకరకాలుగా ఉండవు. ఒకరికి ఎప్పుడూ లెక్కచేయకపోవడమే గుచ్చుకుంటుంది, ఇంకొకరికి పోలిక గుచ్చుకుంటుంది, మరొకరికి చెప్పకుండా నిర్ణయం తీసుకోవడం. మీది ఏదో గుర్తుపట్టి పేజీ పైన రాసుకోండి. రాబోయే నాలుగు వారాలూ మీరు కాపు కాయాల్సింది దాని కోసమే.

2. పొద్దున పది నిమిషాలు ఒంట్లోకి రండి

కుర్చీలో కూర్చోండి. పాదాలు నేల మీద ఉండాలి. ఊపిరి ముక్కులోంచి వస్తూ పోతూ ఉండటం గమనించండి. మనసు ఎటో వెళ్తుంది. వెళ్ళిందని తెలియగానే మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి. తిరిగి వచ్చిన ప్రతిసారీ అభ్యాసం జరిగినట్టే. ‘మనసు నిలవట్లేదు’ అని బాధపడాల్సిన పని లేదు. మనసు నిలవకపోవడం మీ ఒక్కరి జబ్బు కాదు. 2010లో అమెరికా పరిశోధకులు ఇద్దరు రెండు వేల పైచిలుకు మందిని రోజులో ఏవో వేళల్లో ఫోన్ ద్వారా పలకరించి, ఇప్పుడు మీ మనసు చేస్తున్న పని మీదే ఉందా అని అడిగారు. దాదాపు సగం సార్లు లేదన్నారు.

ఊపిరిని చూడటం మనకి పరాయి విద్య కూడా కాదు. బౌద్ధుల సాధనలో తొలి మెట్టు అది. అమరావతి, భట్టిప్రోలు స్తూపాలున్న నేల మనది.

కూర్చోలేనివాళ్ళకి: గిన్నెలు తోమేటప్పుడు చేతికి తగిలే నీళ్ళు, పీచు గరుకు, స్టీలు చల్లదనం గమనించండి. అదీ పది నిమిషాలే. టీవీ కట్టేసి ఉండాలి, పక్కన ఫోన్ మోగకూడదు.

3. నడకలో పెట్టండి

విజయవాడ వాళ్ళకి దీనికి ప్రకాశం బ్యారేజీ మించింది లేదు. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు, గేట్లు 70. తెల్లవారుతుండగా, ఎండ రాకముందే, విజయవాడ వైపు నుంచి సీతానగరం వైపు నెమ్మదిగా నడవండి. నియమం ఒకటే: ఒక గేటు నుంచి రెండో గేటు దాకా అరికాళ్ళ మీద ధ్యాస. రెండో గేటు వచ్చేసరికి ధ్యాస ఎక్కడుందో చూసుకోండి. ఆఫీసులో ఉంటే ఆఫీసు, అప్పుల్లో ఉంటే అప్పులు. తిట్టుకోకుండా మళ్ళీ అరికాళ్ళకి వచ్చి ఇంకో గేటు. డెబ్భై సార్లు మొదలుపెట్టే అవకాశం ఒకే నడకలో ఇచ్చే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

నాలుగైదు రోజులయ్యాక నీళ్ళు కూడా వినపడటం మొదలవుతుంది. గేట్లు ఎత్తిన రోజు ఆ హోరు, వేసవిలో మోకాలి లోతు నీళ్ళ దగ్గర వల సర్దుకునే మనిషి, కొండ మీద నుంచి వచ్చే మైకు పాట. అవి ఎప్పుడూ ఉన్నవే. ‘బాగుంది’, ‘రోత’ అని వెంటనే మార్కులు వేయకుండా ఒక్క గేటు దూరం వాటిని ఉన్నవి ఉన్నట్టు రానివ్వండి. గట్టున పేరుకున్న చెత్త వాసన వచ్చినా సరే.

జాగ్రత్త: బ్యారేజీ మీద బళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవద్దు, రోడ్డు మీదకి దిగొద్దు. ఇక బండి నడిపేటప్పుడు ఈ అభ్యాసాలేవీ చేయొద్దు. అప్పుడు ధ్యాసంతా రోడ్డు మీదే ఉండాలి.

గుంటూరు వాళ్ళు బృందావన్ గార్డెన్స్ స్టేడియంలో ట్రాకు మీద చేసుకోవచ్చు, లేదా బ్రాడీపేట అడ్డరోడ్లు ఉండనే ఉన్నాయి. ఒక అడ్డరోడ్డు నుంచి ఇంకో అడ్డరోడ్డు దాకా ఒక గేటు అనుకోండి.

గుంటూరులోనే ఇంకో మంచి పాఠం ఉంది. మిర్చి యార్డు పక్కగా సీజన్లో వెళ్ళండి. ఘాటుకి గొంతులో గరగర, కళ్ళల్లో నీళ్ళు, దగ్గు మీద దగ్గు. ఒళ్ళంతా అల్లాడిపోతుంది, కానీ ‘మిరపకాయ నన్ను ఇంత మాట అంటుందా’ అని ఎవరికీ అనిపించదు. కర్చీఫ్ అడ్డం పెట్టుకుని వెళ్ళిపోతాం, వీధి చివరికి వచ్చేసరికి మర్చిపోతాం. అదే బావగారు అన్న ఒక మాట పదేళ్ళు ఉంటుంది. రెండింటిలోనూ ఒంట్లో జరిగేది మంటే. రెండోదాని మీద ముద్ర పడింది, మొదటిదాని మీద పడలేదు. ఈ తేడా ఒకసారి ఒంటితో తెలుసుకుంటే తర్వాతి మెట్టు సగం అయిపోయినట్టే.

4. చురుక్కుమన్నప్పుడు: పాదాలు, ఊపిరి, పేరు

రెండో వారంలో మొదలుపెట్టండి. ముందు చేస్తే రాదు, విసుగొస్తుంది.

చురుక్కుమనగానే మూడు పనులు, ఈ వరుసలోనే:

పాదాలు నేలకి తగులుతున్నాయా చూడండి.
ఒక ఊపిరి పూర్తిగా బయటికి వదలండి. లోపలికి పీల్చడం దానంతట అదే జరుగుతుంది.
లోపల ఉన్నదానికి ఒక్క మాటలో పేరు పెట్టండి: కోపం. ఉక్రోషం. పోలిక. చిన్నతనం. భయం.

అంతే. పేరు పెట్టాక వాదించకండి, కారణాలు వెతకకండి. మొత్తం మీద మూడు నాలుగు సెకన్లు పడుతుంది. ఆ తర్వాత మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి. చాలాసార్లు అదే మాట అంటారు, కాకపోతే గొంతు మారుతుంది. కొన్నిసార్లు మాట అవసరమే ఉండదు.

పేరు సరిగ్గా తగలడం ముఖ్యం. మనకి ‘కోపం’ అన్న మాట అలవాటైపోయింది, అన్నిటికీ అదే వాడేస్తాం. తమ్ముడు కొత్త ఇంటి గృహప్రవేశానికి పిలిచినప్పుడు వచ్చే ముభావం కోపం కాదు, పోలిక. పిల్లాడు మార్కుల సంగతి దాచినప్పుడు అరుపు వెనకాల ఉన్నది చాలాసార్లు భయం. సరైన పేరు పడితే ఒంట్లో చిన్న సడలింపు తెలుస్తుంది, భుజాలు దిగుతాయి. తెలియకపోతే ఇంకో పేరు వేసి చూడండి.

వాట్సాప్ విషయంలో ఒక మార్పు. అక్కడ మూడు సెకన్లు చాలవు. జవాబు టైపు చేసుకోండి, పంపకండి. ఫోన్ బోర్లా పెట్టి లేచి వెళ్ళి గ్లాసు మంచినీళ్ళు తాగి రండి. వచ్చాక చదివి, అప్పటికీ పంపాలనిపిస్తే పంపండి.

5. రాత్రి ముద్ర తీసి చదవండి

మళ్ళీ నోట్‌బుక్. ఆ రోజు రాసిన మూడు వరుసల్లో మూడోది వేలితో మూసేసి మొదటి రెండే చదవండి. ‘ఒకరు మాట్లాడుతున్నారు, ఇంకొకరు ఫోన్ చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి.’ ఇంతే జరిగింది. ఈ ఇంతతో ఒక నిమిషం కూర్చోండి.

ఇక్కడ దాదాపు అందరూ ఒక పని చేస్తారు, అది చేయొద్దు. ‘పాపం ఆయనకి ఇంట్లో ఏదో ఇబ్బంది ఉండి ఉంటుంది, అందుకే ఫోన్ చూశారు’ అని మంచి కథ అల్లుతారు. పాత కథకన్నా ఇది మర్యాదగా ఉంటుంది కానీ ఇదీ కథే. ఆయన ఎందుకు చూశారో మీకు తెలియదు. తెలియదన్న దగ్గరే ఆగడం అలవాటైతే, మర్నాడు లిఫ్టులో ఆయన కనపడ్డప్పుడు మీ ఎదురుగా ఒక శత్రువూ ఉండడు, ఒక అభాగ్యుడూ ఉండడు. ఒక మనిషి ఉంటాడు. అడగాల్సింది ఉంటే అడగొచ్చు.

6. తలుపు తీయండి: వారానికి ఒకటి

ఇప్పటిదాకా చేసింది ‘నేను’ని చూడటం. చూస్తే కాస్త చోటు ఏర్పడుతుంది. ఆ చోటులోకి కొత్తదాన్ని రానివ్వకపోతే అది మళ్ళీ మూసుకుపోతుంది. మూడో వారం నుంచి వారానికి ఒకటి చేయండి.

మీకు గిట్టని అభిప్రాయం వినండి. మన ఊళ్ళలో టీ కొట్టు దగ్గర రాజకీయం మాట్లాడని పొద్దు లేదు. అవతలి పార్టీ మనిషి ఒకరు మీకు తెలిసే ఉంటారు. ఆయన పక్కన కూర్చుని “మీకెందుకు అలా అనిపిస్తుంది?” అని అడగండి. టీ గ్లాసు అయిపోయేదాకా అడ్డు చెప్పొద్దు. ‘అది కాదు గానీ’ అన్న మాట నాలుక చివరికి వస్తుంది. వచ్చినప్పుడు పాదాలు, ఊపిరి. అయ్యాక ఆయన చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఆయన “ఆఁ, అదే” అనేదాకా చెప్పండి. ఆయనతో ఏకీభవించాల్సిన పని లేదు. ఓటు మార్చుకోవాల్సిన పని అసలే లేదు. ఆయన మాట ఆయన మాటగా మీ దాకా వచ్చిందా లేదా అన్నదే పరీక్ష.

ఇంటిపేరు లెక్క గమనించండి. దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే ఎరుక గురించి ఎంతో మాట్లాడేవాళ్ళు కూడా దీన్ని వదిలేస్తారు. “మీదే ఊరండీ? ఇంటిపేరేంటండీ?” ఈ రెండు ప్రశ్నలతో ఎదుటి మనిషి కులం తేల్చేసుకోవడం మన దగ్గర నీళ్ళు తాగినంత మామూలైపోయింది. లెక్క తేలిన మరుక్షణం నుంచి ఆ మనిషి మాట మనకి వినపడదు, ‘వాళ్ళు ఇంతే’ అన్నది వినపడుతుంది. ‘మనవాడే’ అని తేలినా అంతే, తప్పు మాట కూడా ఒప్పుగా వినపడుతుంది. ‘నేను’ని ఇంతకన్నా బాగా పెంచి పోషించేది ఇంకోటి లేదు. ఒక వారం పాటు కొత్తగా పరిచయమైన ఎవరినీ ఈ ప్రశ్నలు అడగకండి. అడగకపోయినా మనసు ముఖం చూసి, యాస చూసి, ఫోన్ వాల్‌పేపర్ చూసి లెక్క కడుతుంది. కడుతుండగా చూడండి. చూసి, ఆ మనిషిని ఆయన చేసే పని గురించి ఒక ప్రశ్న అడగండి.

చిన్నవాళ్ళ దగ్గర నేర్చుకోండి. ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే తనకి నచ్చిన పాట వినిపించమని అడిగి, పూర్తిగా వినండి. “మా రోజుల్లో” అని మొదలుపెట్టొద్దు.

‘నేను తినను’ అని ముప్పై ఏళ్ళుగా పక్కన పెట్టిన కూర ఒకటి ఉంటుంది. ఒంటికి పడనిదైతే వదిలేయండి. ఊరికే పక్కన పెట్టిందైతే రెండు ముద్దలు నెమ్మదిగా తిని చూడండి.

7. పొగడ్తకీ ఇదే

నాలుగో వారం పని. తిట్టు పడ్డప్పుడు గమనించడం నేర్చినవాళ్ళు పొగడ్త దగ్గర జారిపోతారు, ఎందుకంటే అది హాయిగా ఉంటుంది. “మీ ఆవకాయ లాంటిది ఎక్కడా తినలేదండీ” అన్నప్పుడు ఛాతీలో వెచ్చదనం, నవ్వు, ఇంకాస్త వినాలన్న ఆశ. “అబ్బే, ఏముందండీ” అనేటప్పుడు కూడా ఆ ఆశ కింద మెదులుతూనే ఉంటుంది. పాదాలు, ఊపిరి, పేరు. తర్వాత “థాంక్స్ అండీ” అని ఊరుకోండి. ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టాక లైకులు ఎన్నొచ్చాయో చూడటానికి చెయ్యి ఫోన్ వైపు వెళ్ళే క్షణం ఉంది చూశారా, అదీ ఇందులోదే. చెయ్యి కదలడం కనపడితే చాలు, ఆపక్కర్లేదు.

తరచూ చేసే పొరపాట్లు

అణుచుకోవడం. పళ్ళు బిగబట్టి నవ్వడం గమనించడం కాదు. గుర్తు: దవడ నొప్పి పుట్టడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఆఫీసులో మింగింది ఇంట్లో పిల్లల మీద పడటం. ఇలా అవుతుంటే నాలుగో మెట్టు ఆపి, వారం పాటు నడక మాత్రం చేయండి.

ఎదుటివాళ్ళ అహం చూపించడం. ఇది మొదటి నెలలోనే వస్తుంది. భార్యతో “అది నీ ఈగో మాట్లాడుతోంది” అనడం, తమ్ముడికి నోట్‌బుక్ కొనివ్వడం. నాలుగు వారాలయ్యేదాకా ఈ అభ్యాసం గురించి ఎవరికీ సలహా ఇవ్వొద్దు. నిజం చెప్పే ఆ ఒక్క మనిషికి తప్ప ఎవరికీ తెలియాల్సిన పని కూడా లేదు.

ఎరుకే కొత్త హోదా అయిపోవడం. ‘వీళ్ళంతా నిద్రలో ఉన్నారు, నేను మేలుకున్నాను’ అనిపిస్తే అది పాత ‘నేనే’, కొత్త చొక్కా వేసుకుంది. దాన్నీ ఆ రాత్రి మూడు వరుసల్లో రాయండి. మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి తన చుట్టూ కట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేసి, ఏ పద్ధతీ ఏ గురువూ మనిషిని సత్యం దగ్గరికి చేర్చలేరని చివరిదాకా చెప్పారు. ఆయన్ని చదివినవాళ్ళు “మరి ఈ మెట్లెందుకు?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేననుకునేది, ఇవి చూడటం మొదలుపెట్టడానికి మాత్రమే. చురుకు అక్కడికక్కడే కనపడిపోతున్న రోజున నోట్‌బుక్ పక్కన పెట్టేయండి. దాన్ని పూజించొద్దు.

అన్యాయానికి తల వంచడం. ఇది అన్నిటికన్నా ప్రమాదం. ఇంటి ఓనర్ అడ్వాన్స్ తిరిగి ఇవ్వట్లేదు, యజమాని మూడు నెలల జీతం ఆపాడు, ఇంట్లో చెయ్యి చేసుకుంటున్నారు. ఇలాంటప్పుడు ‘ఇది నా అహమే, గమనిస్తే పోతుంది’ అనుకోవద్దు. జరుగుతున్నది మొదటి వరుసలోనే ఉంది, సీసీ కెమెరాలో కనపడుతోంది. అడగండి, ఫిర్యాదు చేయండి, అవసరమైతే బయటికి వచ్చేయండి. గృహహింస అయితే మహిళల హెల్ప్‌లైన్ 181. ఎరుక ఉన్నవాళ్ళు నోరు మూసుకుని ఉంటారని ఎవరైనా మీకు చెప్తే నమ్మకండి. అలా చెప్పేవాళ్ళకి మీరు నోరు మూసుకోవడం వల్ల ఏదో లాభం ఉంటుంది.

విశ్లేషణలో పడిపోవడం. ‘మా నాన్న చిన్నప్పుడు అలా అన్నాడు కాబట్టి నాకిలా అనిపిస్తోంది’ అని అరగంట ఆలోచించడం ఆసక్తిగానే ఉంటుంది, కానీ అప్పుడు పాదాలు ఎక్కడున్నాయో తెలియదు.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రశాంతతని కొలతగా పెట్టుకోవద్దు. ఏసీ గదిలో, సెలవు రోజున ఎవరికైనా ప్రశాంతంగానే ఉంటుంది. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ఆలస్యం తగ్గుతోందా? మొదట్లో చురుకు సంగతి రాత్రి రాసేటప్పుడు తెలుస్తుంది. తర్వాత గంటకి తెలుస్తుంది. ఆ తర్వాత అరుస్తుండగానే, వాక్యం మధ్యలో తెలుస్తుంది. ఇది ఇబ్బందిగా ఉండే దశ, చాలామంది ఇక్కడ ‘నాకు కోపం ఇంకా పెరిగింది’ అనుకుని మానేస్తారు. పెరగలేదు, ఇప్పుడు కనపడుతోంది. మానకండి. ఆ తర్వాత మాట బయటికి రాకముందే తెలిసే రోజులు వస్తాయి. అన్ని రోజులూ కాదు, కొన్ని. నోట్‌బుక్‌లో ప్రతి చురుకు పక్కనా ‘రాత్రి’, ‘గంటకి’, ‘మధ్యలో’, ‘ముందే’ అని ఒక మాట రాస్తూ ఉంటే, నాలుగు వారాల తర్వాత పేజీలు తిరగేసినప్పుడు మీకే లెక్క తెలుస్తుంది.

క్షమాపణ పొట్టిదవుతోందా? “సారీ, కానీ నువ్వూ అలా అని ఉండాల్సింది కాదు” అనేదానికీ, “అరిచాను, తప్పు నాది” అనేదానికీ మధ్య తేడా మీ ఇంట్లోవాళ్ళకి వెంటనే తెలుస్తుంది.

ఈ వారం ఎవరి గురించైనా కొత్త సంగతి తెలిసిందా? పనమ్మాయికి ఇంటర్ చదివే కొడుకు ఉన్నాడని, ఎదురింటి మాస్టారికి వేణువు వచ్చని, ఏదో ఒకటి. వారమంతా ఎవరి గురించీ కొత్తగా ఏమీ తెలియకపోతే తలుపు ఇంకా వేసే ఉంది. ఆరో మెట్టుకి వెళ్ళండి.

చివరిగా ఆ నిజం చెప్పే మనిషిని అడగండి. “నేను మారానా?” అని అడగొద్దు, మొహమాటానికి అవునంటారు. “ఈ నెలలో నాతో ఏదైనా చెప్పడానికి వెనకాడావా?” అని అడగండి. వెనకాడాను అంటే అది ఏమిటో చెప్పమనండి. వినేటప్పుడు పాదాలు, ఊపిరి. ఈ ఒక్క సంభాషణ నెల రోజుల ధ్యానం కన్నా ఎక్కువ చూపిస్తుంది.

ఒక హెచ్చరిక గుర్తు కూడా ఉంది. దేనికీ కోపం రావట్లేదు, కానీ దేనికీ సంతోషమూ లేదు, పాట విన్నా మనవడు ఎక్కి ఒళ్ళో కూర్చున్నా ఒకటే అనిపిస్తోందంటే అది ఎరుక కాదు, మొద్దుబారడం. అభ్యాసం ఆపి, మొదట్లో చెప్పినట్టు డాక్టర్‌తో మాట్లాడండి.

ఎక్కువగా అడిగేవి

జపం, పూజ చేసుకుంటాం, అవి మానాలా? అక్కర్లేదు. పొద్దున పది నిమిషాల బదులు జపమే చేసుకోండి, పెదవుల కదలిక, గొంతులో ప్రకంపన గమనిస్తూ. రాత్రి రాయడం మాత్రం మానొద్దు.

విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్ళొచ్చా? పది రోజుల శిబిరాలు ఏలూరు దగ్గర విజయరాయిలో, నాగార్జునసాగర్‌లో జరుగుతాయి. ఆ పది రోజులూ మాట్లాడకూడదు, ఫోన్ ఉండదు. ఫీజు లేదు, విరాళాల మీద నడుస్తాయి. మంచివే. కాకపోతే పొద్దున పది నిమిషాలు కూడా కూర్చోలేని స్థితిలో నేరుగా అక్కడికి వెళ్ళకండి. పైన చెప్పిన నాలుగు వారాలూ చేసి వెళ్తే, తిరిగి వచ్చాక ఇంట్లో ఏం చేయాలో కూడా తెలిసి ఉంటుంది.

రోహిణి కార్తెలో ఒళ్ళు మండిపోతుంటే ఏం గమనిస్తాం? ఎండనే. చెమట మెడ వెనక నుంచి జారడం, చొక్కా అంటుకోవడం. విసుగొస్తే దానికి ‘విసుగు’ అని పేరు పెట్టి నీడలోకి వెళ్ళి మజ్జిగ తాగండి. ఎండని భరించడం ఇందులో భాగం కాదు.

మధ్యలో పది రోజులు మానేశాను, మళ్ళీ మొదటి నుంచా? వద్దు. ఆ పది రోజుల్లో జరిగినవి గుర్తు చేసుకుని రాయడానికి ప్రయత్నించకండి, మర్చిపోయినవి కల్పించి రాస్తారు. కొత్త పేజీ తీసి ఈ రోజు తేదీ వేయండి. పొద్దుటి నుంచి ఎక్కడ చురుక్కుమందో ఒక్కటి వెతికి మూడు వరుసలు రాయండి. రేపు పొద్దున పది నిమిషాలు కూర్చుని, ఆగిపోయిన వారం నుంచే కొనసాగించండి.